పళ్ల మధ్య స్క్రూడ్రైవర్

మేస్త్రికి చెవులే ఆస్తి. స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడిని పళ్ల మధ్య కరిచిపట్టి కళ్లు మూసుకుంటే చాలు, లోపల ఏ బేరింగ్ ఏడుస్తోందో ఇట్టే చెప్పేసేవాడు. ముప్పై ఏళ్లుగా అదే తంతు. అలాంటివాడికి ఎడమ చెవిలో పోటు, హోరు మొదలయ్యాయి. ఎవరికీ చెప్పలేదు. చెవిటి మెకానిక్‌కి బండి ఎవడిస్తాడండీ!

ఆ వారమే ఒక వ్యాన్ వచ్చింది. పిడి కొరికాడు. అప్పుడప్పుడూ టిక్కుమంటోంది.

"ఇంజిన్ విప్పాలి" అన్నాడు.

"దానికేం లేదు నాన్నా, శుభ్రంగా ఉంది" అంది ఇంజిన్ చప్పుడు విన్న కూతురు. ఎనిమిదేళ్లుగా అదే షెడ్డులో పనిచేస్తున్న పిల్ల.

"గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట! నాకు నేర్పుతావా?" అని వ్యాన్ ఓనరు ముందే కసిరాడు. ఆమె ముఖం చిన్నబోయింది.

రెండు రోజులు విప్పి చూస్తే ఒక్క పార్టూ అరగలేదు. మళ్లీ బిగించి పిడి కొరికితే అదే టిక్కు! మేస్త్రి షెడ్డు తాళాలు కూతురి చేతిలో పెట్టి, "నా చెవులు పోయాయే" అని బావురుమన్నాడు. ఆమె అతన్ని ఆస్పత్రికి లాక్కెళ్లింది.

చెవి నిక్షేపంలా ఉందని చెవి డాక్టరు పళ్ల డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆవిడ అతని చెవుల ముందు వేళ్లు ఆనించి నోరు తెరవమంది. టిక్కుమంది. మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. వ్యాన్‌లో విన్నది అదే!

"దవడ కీలండీ. చెవిని ఆనుకునే ఉంటుంది కదా, అది దెబ్బతింటే పోటూ హోరూ చెవిలోనే అనిపిస్తాయి. గట్టిగా ఏమైనా కొరుకుతుంటారా?"

కూతురు పక్కున నవ్వింది. మేస్త్రికి మాత్రం సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తన దవడ చెడితే పరాయివాడి ఇంజిన్ విప్పాడు. చెవులు బాగున్నా పిల్ల మాట వినిపించుకోలేదు.

మర్నాడు ఓనరు రాగానే, "మా అమ్మాయి బాగుందనే చెప్పిందండీ. వినకుండా విప్పింది నేనే" అన్నాడు. స్క్రూడ్రైవర్ ఆమెకి అందించాడు. "పళ్లతో వద్దే. చెవి ముందు ఎముకకి ఆనించు."

ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది.

"ఏమంటోందే?"

"బాగుంది నాన్నా."

"అయితే మూత మూసెయ్" అన్నాడు మేస్త్రి.