ఒంటికొమ్ము ఆవు ఫొటో

పాత వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిందే, ఆ మరుసటి ఏడు జరిగింది ఇది. గోడల మీద నీటి గీత అప్పటికింకా చెరగలేదు. జనం సున్నాలు వేసుకున్నారు గానీ, సున్నం ఆరగానే గీత మళ్ళీ పైకి వచ్చేది.

ఊరి చివర ఒక పాలాయన ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ మాట పిసినారి. ఏం అడిగినా ఊఁ అనేవాడు. మరీ తప్పకపోతే ఊహూఁ అనేవాడు. "నీతో కాపురం కంటే గోడతో కాపురం నయమయ్యా, గోడ మీదైతే బల్లన్నా పలుకుతుంది" అనేది పెళ్ళాం. దానికీ ఊఁ అనేవాడు.

వరదకు ముందు ఆయనకు నాలుగు ఆవులు. ఇప్పుడు మూడు. వాటిలో పెద్దది ఒంటికొమ్ముది. దూడగా ఉన్నప్పుడు ఇనప గేటులో తల ఇరికించుకుని పీక్కుంటే, ఒక పక్క కొమ్ము ఇక పెరగనే లేదు. ఆ వీధుల్లో దాన్ని ఎరగని మనిషి లేడు. పాలు పోయించుకునేవాళ్ళు పాలాయనను కుశలం అడగరు, ఒంటికొమ్మును అడుగుతారు.

ఒకరోజు మధ్యాహ్నం పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ ఆయనకు కబురు పెట్టింది. వెళ్ళాడు. ఫినాయిలు వాసన, మూల మందుల ఫ్రిజ్జు, బల్ల మీద కాగితాలు.

"కూర్చోండి బాబాయ్. నిలబడితే పారిపోయేట్టు ఉన్నారు" అంది డాక్టరమ్మ.

కూర్చున్నాడు.

"వరదప్పుడు మీ ఆవులకు వచ్చిన జబ్బు గురించి వ్యాసం రాశాను. పశువైద్యుల పత్రికలో వేస్తారు. ఆవులు మీవి, కాబట్టి మీరు సరేననాలి."

ఆ జబ్బు సంగతి ఇదీ. వరద తీశాక గడ్డివామి పైన ఎండింది, లోపల మాగింది. నల్లబడిన గడ్డి తీసి పారేసి, బాగున్నట్టు కనబడింది మేపాడు. అందులోనూ బూజు ఉంది. ఆవులకు వణుకు పట్టుకుంది. తల ఒక పక్కకు వాలింది, కాళ్ళు మెలిపడ్డాయి. తాను చెప్పేదాకా పాలు ఎవరికీ పోయొద్దంది డాక్టరమ్మ. పిండిన పాలన్నీ కాలువలో పారబోసి, ఇంటింటికీ వెళ్ళి "పాల్లేవు" అని చెప్పి వచ్చాడు. ఎందుకు లేవో చెప్పలేదు. వరదలో ఎవరికి మాత్రం ఏం మిగిలిందని, ఎవరూ అడగలేదు.

"పత్రికల్లో రెండు రకాలు బాబాయ్" అంది డాక్టరమ్మ. "ఒకదానికి తాళం. డబ్బు కట్టినవాళ్ళకే తీస్తారు. రెండోది తలుపే లేని ఇల్లు. చేతిలో ఫోనున్న ప్రతివాడూ చదువుకోవచ్చు. అచ్చేసి పంచుకోవచ్చు కూడా, రాసిందెవరో చెబితే చాలు. నేను రెండోదానికి పంపుదామనుకుంటున్నా. మీకేం భయం లేదు. మీ పేరు లేదు, ఊరి పేరు లేదు."

కంప్యూటరు తెర ఆయన వైపు తిప్పింది. తెర నిండా ఫొటో. ఒంటికొమ్ముది తల వాల్చి నిలబడి ఉంది.

పాలాయన చాలాసేపు చూశాడు.

"పేరు లేదు. కొమ్ముంది" అన్నాడు.

డాక్టరమ్మ నాలుక కరుచుకుంది. "అయ్యో! మెడ వంపే చూశాను గానీ కొమ్ము సంగతే తట్టలేదు బాబాయ్."

ఆలోచించుకుని రేపొస్తానని చెప్పి లేచాడు.

ఇంటికొచ్చి పెళ్ళానికి చెప్పాడు. ఆమె చేటలో ఉన్నది అలాగే వదిలేసింది.

"నీకేమన్నా మతిపోయిందా? జబ్బు చేసిందని చదువుతారు, పాలు పారబోశామని చదవరు. జనం సగం చదివి మిగతా సగం వాళ్ళే అల్లుకుంటారు. నలుగురి నోళ్ళలో నానాక మన పాలు ఎవరు ముట్టుకుంటారు? గుట్టుగా ఉన్నదాన్ని మనమే రచ్చకెక్కించుకోవడమా?"

ఆమె చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఆ పాల మీదే ఇల్లు నడుస్తోంది. టీచరమ్మ ఇంట్లో పసిబిడ్డ తాగేది ఆ పాలే. బిడ్డ తాగే పాల మీద అనుమానం వస్తే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది?

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళి, గడప దగ్గరే నిలబడి చెప్పాడు.

"తాళమున్నదాంట్లో వెయ్యండి."

"సరే బాబాయ్. మీ ఆవులు, మీ ఇష్టం" అంది డాక్టరమ్మ. ముఖం మాత్రం చిన్నబుచ్చుకుంది.

పాలాయన చెప్పుల్లో కాలు పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"అప్పుడు మీరు దేంట్లో చూశారు?"

"ఎప్పుడు?"

"మా ఆవులకి వణుకు వచ్చినప్పుడు."

డాక్టరమ్మ కాసేపు కలం మూత పెడుతూ తీస్తూ కూర్చుంది. "ఒక వ్యాసం కనబడింది. తాళమున్నదే. పైన నాలుగు ముక్కలు మాత్రం చూపించారు. బూజు గడ్డితో వణుకు వస్తుంది, తల వాలుతుంది అని. ఏం చెయ్యాలన్నది లోపల ఉంది. మన ఆసుపత్రికి ఆ పత్రిక రాదు. రాసినాయనను పంపమని అడిగాను. పాపం, ఆయన ప్రయాణంలో ఉన్నాడట. పంపేసరికి మీ నల్లావు పోయింది."

"లోపల ఏముంది?"

"కదిలించొద్దని ఉంది బాబాయ్. నడిపిస్తే వణుకు ముదురుతుందట. గడ్డి మార్చి, చప్పుడు లేనిచోట వదిలెయ్యమని."

అప్పటికి అది వాళ్ళకు తెలియదు. నల్లదాని కాళ్ళు పడిపోతున్నాయనుకుని, పొట్ట కింద తాళ్ళు వేసి నలుగురు మనుషులు దాన్ని లేపారు. కాళ్ళకు సత్తువ వస్తుందని పెరడంతా తిప్పారు. ఒక తాడు పాలాయన పట్టుకున్నాడు, ఒకటి డాక్టరమ్మ పట్టుకుంది. అది కాలువ గట్టు మీద పడింది. మళ్ళీ లేవలేదు.

"చదివుంటే బతికేదా?"

"ఏమో బాబాయ్. ఆశ పెట్టి అబద్ధం చెప్పలేను. మిగతా మూడింటినీ కదిలించలేదు, అవి బతికాయి. అంతవరకే తెలుసు నాకు."

పాలాయన లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గోడ మీది నీటి గీత ఆయన తలకు పైగా ఉంది. ఎక్కడో ఇంకో వరద వస్తుంది, ఇంకో వామి మాగుతుంది. ఇంకెవరో తాళ్ళు పట్టుకుని నిలబడతారు.

"తలుపు లేనిదాంట్లోనే వెయ్యండి" అన్నాడు.

"నిజంగానా? అయితే ఆ ఫొటో తీసేస్తాను. లేదంటే కొమ్ము కనబడకుండా కత్తిరిస్తాను."

"కొమ్ము లేకపోతే తల ఎంత వాలిందో ఏం తెలుస్తుంది? ఉండనివ్వండి."

చూపించినచోట సంతకం పెట్టాడు. ఆయన సంతకం ఎప్పుడూ గీతకు పైకి ఎక్కిపోతుంది.

ఇంటికొచ్చి చెబితే పెళ్ళాం నెత్తి కొట్టుకుంది. "ఇంకేం, ఇకమీదట మన పాలు మనమే తాగుదాం. మిగిలితే స్నానం చేద్దాం." తర్వాత కాస్త తగ్గి అడిగింది. "ఎప్పుడేస్తారట?"

"కొన్ని నెలలు పడుతుందట."

"నయం. అప్పటిదాకా నోరు మెదపకు. అది నీకు వచ్చిన విద్యే."

మర్నాడు పొద్దున్నే లేచి పాలు పిండాడు. క్యాను తీసుకుని టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు. ఎప్పుడూ పాలు పోసి మెట్లు దిగిపోయే మనిషి, పాలు పోయకుండా నిలబడ్డాడు.

"ఏం నాయనా, ఒంట్లో బాగాలేదా?" అంది టీచరమ్మ, గిన్నె పట్టుకుని.

"వరదప్పుడు మా ఆవులకి జబ్బు చేసిందమ్మా. బూజు గడ్డి తిని. నల్లది దాంతోనే పోయింది. తగ్గిందని డాక్టరమ్మ చెప్పేదాకా పాలు పారబోశాను. మీకు పొయ్యలేదు. ఇప్పుడది పత్రికలో వస్తుంది, ఒంటికొమ్ము ఫొటోతో. ఎవరో చెబితే వినేకంటే నేనే చెబుదామని."

టీచరమ్మ గిన్నెలోకి చూసింది. లోపల బిడ్డ ఏడుస్తోంది.

"పారబోశావా? అన్నీనా?"

"అన్నీ."

"ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడవచ్చు కదయ్యా! పాల్లేవంటే, ఎవరికో పోసుకుని మాకు ఎగ్గొట్టావని నిన్ను ఎంత తిట్టుకున్నానో" అంటూ గిన్నె ముందుకు చాపింది.

పక్కిల్లు టైలరుది. ఆయనకూ అదే చెప్పాడు. టైలరు మెడలో టేపు సవరించుకుంటూ నేల చూపులు చూశాడు.

"ఇవాళ్టికి వద్దులే బావా. ఏమనుకోకు. మా ఆవిడతో మాట్లాడి చెబుతా."

"సరే" అన్నాడు పాలాయన.

క్యాను ఎత్తుకుని ఆ తర్వాతి ఇంటి తలుపు కొట్టాడు. లోపలి నుంచి అడుగుల చప్పుడు వస్తుంటే గొంతు సవరించుకున్నాడు.