అరికాలి పొర

పెళ్లయి రెండు నెలలైనా కాలేదు, గోపీచంద్ నోట "సుప్రీత మేడం" అన్న మాట రాని పూట లేదు.

శక్తినగర్ కరెంటు కేంద్రంలో బాయిలర్ దగ్గర అతని ఉద్యోగం. పొద్దున్నే మంచం దిగితే మడమలో మేకు దిగినంత నొప్పి. కాలనీ దవాఖానాలో ఫిజియోథెరపిస్టు సుప్రీత రోజూ సాయంత్రం ఆ కాలు పట్టి చూస్తోంది.

"మన ఒళ్లంత లోపల ఒక పొర ఉంటదంట చంద్రీ. కండని, ఎముకని, అన్నిటినీ చుట్టి పట్టుకుంటదంట. ఫాసియా అంట. మేడం ఎంత మంచిగ చెప్తదో."

బత్తాయి వలుస్తున్న చంద్రిక చేతిలో తొన చితికింది. ఆమె చదివింది జువాలజీ. ఈ తెల్ల పొర లేకపోతే తొనకు ఆకారమే ఉండదనీ, ఒళ్లూ అంతేననీ పెళ్లయిన వారంలోనే చెప్పింది. అతను వింటూ వింటూ కాయంతా తినేశాడు.

"నేను చెప్పినప్పుడు గింత మెచ్చుకోలేదేంది?"

"అప్పుడు నీ మొకమే చూస్తుంటి."

జవాబు తీయగానే ఉంది. కడుపుమంట మాత్రం చల్లారలేదు. ఆషాఢం వస్తే అమ్మ గద్వాలకు తీసుకుపోతుంది. నెల్లాళ్లు ఆ కాలు సుప్రీత చేతుల్లోనే.

మర్నాడు పట్టుచీర కట్టుకుని తనూ బయలుదేరింది.

"దవాఖానాకు పట్టుచీర ఎందుకు?"

"కాలు మీది. చీర నాది."

సుప్రీత ఆమె అనుకున్నదానికన్నా అందంగా ఉంది. అది మరీ అన్యాయం.

గోపీచంద్ కాలివేళ్లు వెనక్కి వంచి, అరికాలు నొక్కి సుప్రీత కన్నడం కలిసిన తెలుగులో అడిగింది. "నోడ్రి, చూడండి, ఈ పొర తాడులెక్క బిగిసింది. పిక్క కూడా. పెళ్లయినంక కొత్తగ ఏం మొదలుపెట్టినారు? అడిగితే నవ్వుతరు గానీ చెప్పరు."

గోపీచంద్ తల వంచుకున్నాడు. "నైట్ డూటీ దిగొస్తే ఈమె పండుకొని ఉంటది. లేస్తదేమోనని బూట్లు చేత్ల పట్టుకొని, మునివేళ్ల మీద మూడంతస్తులు ఎక్కుతా. ఇంట్ల కూడ గట్లనే."

"అదే రీ. మడమ ఆనకుంటే పిక్క బిగుస్తది. అది అరికాలి పొరని గుంజుతది. అంతా ఒకటే అల్లిక. మెట్టు అంచున నిలబడి మడమలు కిందికి దించండి, చాలు. ఎవరి చెయ్యీ అక్కర్లేదు."

ఆ చివరి మాట చంద్రిక చెవులకు ఎంత హాయిగా తగిలిందో.

దారిలో మెల్లగా అంది. "మీ డూటీ బస్సు గేటు దగ్గర ఆగంగనే నాకు మెలకువొస్తది. దుప్పటి మెడదాక కప్పుతరని కండ్లు మూసుకుంటా."

గోపీచంద్ ఆగిపోయాడు. "అంటే నా కాలు ఉత్తగనే పాయెనా?"

మర్నాటి పొద్దున మెట్ల మీద బూట్లు ధన్ ధన్ మన్నాయి. ఎదురింటి రామాబాయి తలుపు తీసింది. "ఏంది గోపన్నా, బిల్డింగు కూల్చేటట్టున్నవ్?"

చంద్రిక అప్పటికే గడపలో నిలబడి ఉంది. బూట్లు విప్పించి, పై మెట్టు అంచున నిలబెట్టింది.

"మేడం అయితే మెల్లగ..."

"మేడం పేరెత్తితే లోపలికి రానియ్య, టీ కూడా ఈ మెట్టు మీదనే."

అతను గబుక్కున మడమలు దించాడు.