కార్డు లేని కెమెరా

ఆర్మూరు పసుపు మార్కెట్ దగ్గర రవీందర్‌ది ఫోటో స్టూడియో. పని నేర్పడంలో అతనిది వింత పద్ధతి. కెమెరా చేతికిచ్చేముందు చెప్పకుండా ఏదో ఒకటి చెడగొట్టి ఇస్తాడు. ఒకరోజు చార్జింగ్ లేని బ్యాటరీ పెట్టాడు. ఇంకోరోజు రంగుల సెట్టింగు మార్చేస్తే పసుపు కుప్పలన్నీ ఆకుపచ్చగా వచ్చాయి. "సూస్కోకపోతే తప్పు నీదే" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. కానీ పసుపు కొమ్ములు ఏరే కూలి మానుకుని పెర్కిట్ నుంచి వచ్చే రూత్‌కు, కెమెరా ముట్టనిచ్చే దిక్కు ఇంకొకటి లేదు. నోరు మూసుకుని నేర్చుకుంది.

ఆ రోజు బాల్కొండ నుంచి పిలుపొచ్చింది. దుబాయిలో చనిపోయిన నర్సింలు నెల తర్వాత పెట్టెలో ఇల్లు చేరాడు. అక్కడే ఉండిపోయిన తమ్ముడికి పంపడానికి ఫోటోలు కావాలట.

"ఈసారి నువ్వొక్కదానివే పో. మంచిగ తీస్కొస్తే రేపటిసంది నువ్వే ఫోటోగ్రాఫర్‌వి" అన్నాడు రవీందర్. రూత్ బ్యాటరీ మూడుసార్లు చూసుకుంది. రంగులు సరిచేసుకుంది.

శవం బొమ్మ వాట్సాపుల్లో తిరుగుతుందని పెద్దమనుషులు సెల్‌ఫోన్లు తీయనివ్వలేదు. పావుగంటే పెట్టె తెరిచారు. నర్సింలు భార్య విజయశ్రీ మూలన కూచుని మొహం మీది కొంగు తీయలేదు. నాలుగేళ్ల కింద నవ్వుతూ బస్సెక్కిన మనిషిని ఇలా చూడటం ఆమె వల్ల కావడం లేదు.

"ఆఖరుసారి సూడే" అని ఆడవాళ్లు రెక్క పట్టి లాగుతున్నారు.

రూత్ మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి అప్పటికే ముప్పై తీసింది. తీసిన ప్రతిసారీ తెర మీద ఆ మొహం నిద్రపోతున్నట్టు కనిపించింది.

"గుంజకుండ్రి. అక్కా, నేను తీసిన. మొఖం మంచిగొచ్చింది. మనసు కుదుటవడ్డంక ఫోటోల సూద్దువు."

విజయశ్రీ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెట్టె మూసి కాటికి తీసుకెళ్లారు.

సాయంత్రం రవీందర్ బల్ల సొరుగులోంచి మెమరీ కార్డు తీసి చూపించాడు. "ఈసారి ఇది. మూత తెరిసి సూసినవా?"

రూత్ కెమెరా మూత తెరిచింది. లోపల ఖాళీ. కార్డు లేకున్నా ఆ కెమెరా క్లిక్కుమంటుంది. బొమ్మను రెండు క్షణాలు తెర మీద చూపించి పోగొట్టుకుంటుంది.

"సావింటి పని అని తెల్సి సుత గిట్ల జేస్తవా అన్నా?"

"గందుకే చేసిన. పెండ్లోళ్లయితే నెత్తి పగలగొడ్తరు. సావింటోళ్లు కొట్లాటకు రారు. సచ్చేదాంక మర్వవు ఇగ." మరిచిపోదు, నిజమే. పాపిష్టివాడు.

ఐదోరోజు విజయశ్రీ వచ్చింది. గుమ్మంలో ఆమెను చూడగానే రవీందర్ లోపలికి జారుకుంటూ, "నువ్వే చెప్పుకో. గిది సుత పనే" అన్నాడు.

"ధైర్యం జేస్కొని వచ్చిన చెల్లే. ఇప్పుడు సూస్త" అంది విజయశ్రీ. కొంగుతో చేతులు తుడుచుకుని, ఫోటో కోసం రెండూ చాపింది.