తలుపు వెనక ఇనప కడ్డీ

తడి దుప్పటి బరువుకి మేడ మీద తీగ కిందికి వంగిపోతుంటే, ముందుగది తలుపు వెనకున్న ఇనప కడ్డీ తెచ్చి ఊతంగా నిలబెట్టాను. దొంగల కోసం మావారు కొన్న కడ్డీ అది. ఇప్పటిదాకా దొంగ రాలేదు. ఉతకాల్సిన బట్టలు మాత్రం రోజూ వస్తూనే ఉన్నాయి.

కిందికొచ్చేసరికి ఆయన టీవీ ముందున్నారు.

"ఇంట్లోకి చొరబడినవాణ్ణి చంపినా ఇంటివాడి మీద కేసుండదట. ఎప్పుడో రావాల్సిన చట్టం. దానికి మద్దతుగా రేపు కాలనీ మీటింగులో చేతులెత్తమంటారు, నువ్వూ ఎత్తు."

"కాస్త అర్థం చేసుకోనివ్వండి."

"ఇంటి రక్షణ గురించి నీకేం తెలుసు? పొద్దస్తమానం ఇంట్లో ఉండేదానివి!"

నవ్వొచ్చింది. రోజూ అన్ని తలుపులూ చూసి పడుకునేది నేనే. వెనక తలుపు గొళ్ళెం వదులైంది, కిటికీలోంచి చెయ్యి పెడితే ఊడొస్తుందని ఎన్నిసార్లు చెప్పినా "చూద్దాంలే" అనే మాటే. దేవుడికి దండం పెట్టేటప్పుడు ఇంటిని కాపాడమని అడుగుతాను. ఎవరి నుంచో చెప్పను. దేవుడికి తెలియదా అనుకుంటాను. చట్టానికి కూడా అలా తెలుస్తుందా?

చీకటి పడుతుండగా కరెంటు పోయింది. వెనక తలుపు గొళ్ళెం కదిలిన చప్పుడైంది. ఆయన నన్ను కదలొద్దని సైగ చేసి, ముందుగది తలుపు వెనక చెయ్యి పెట్టి తడిమారు.

"కడ్డీ ఏదే?" అని అరిచారు.

ఆ అరుపుకి వంటింటి చీకట్లోంచి సన్నటి గొంతు వినిపించింది. "అన్నయ్యా, కొట్టకు! నేనే!"

మా ఆడపడుచు. చిన్నప్పుడు ఈ ఇంటికి ఆలస్యంగా వస్తే వాళ్ళమ్మకి తెలియకుండా ఆ గొళ్ళెం అలాగే తీసేదట. దీపం వెలిగించి చూస్తే పెదవి చిట్లి ఉంది, కన్ను వాచింది.

"ఈ మొహంతో వీధి వైపు నుంచి ఎలా రాను వదినా?"

ఆయన ఊగిపోయారు. "మీ ఇంట్లోకి ఎవడొచ్చాడు? ఎవడు కొట్టాడు?"

"ఎవరూ రాలేదన్నయ్యా. రోజూ ఉండేవాడే."

ఆయన అలాగే నేల మీద కూలబడ్డారు. "ఆ కడ్డీ గనక అక్కడే ఉండుంటే..." అన్నారు. నేను ఆడపడుచుని పొదివి పట్టుకున్నాను. పిల్ల వెచ్చగా, బతికి, నా భుజం మీద ఏడుస్తోంది. దేవుడా, దుప్పటిని అంత బరువుగా తడిపినందుకు నీకు వెయ్యి దండాలు అనుకున్నాను.

తను కాస్త తిని పడుకున్నాక చెప్పాను. "రేపు మీటింగుకి వస్తాను. చెయ్యీ ఎత్తుతాను, అయితే ఒక మాట అడగడానికి. ఇంటివాడే కొడితే ఇంటిదాన్ని కాపాడే మాట ఆ చట్టంలో ఉందా అని."

ఎప్పటిలా కసురుతారనుకున్నాను. ఆయన లేచి, స్క్రూడ్రైవర్ వెతుక్కుని వెనక తలుపు దగ్గర కూర్చున్నారు.

"గొళ్ళెం బిగించండి. కానీ ముందు తలుపుకి ఇంకో తాళంచెవి చేయించండి, తనకి."

తలూపారు. గొళ్ళెం బిగిస్తూ మెల్లగా అడిగారు. "మరి కడ్డీ?"

"తీగ కిందే ఉంటుంది. రేపటి నుంచి తన బట్టలు కూడా ఆరెయ్యాలి కదా."