అట్ట మీద పేరు

రెండువేల నాలుగులో నాకు వనపర్తిలో డీటీపీ షాపు ఉండేది. పుస్తకం అచ్చేయించుకునే వాళ్లందరికీ అక్షరదోషాల దిగులు. మధుసూదన్ సారుకు మాత్రం తన నవల పేరు చూసుకుని గర్వం. ‘లేచిపోయిన మనిషి’. ఎర్రరంగులో, ఇంత లావున పెట్టమన్నాడు.

కథ ఆయన చెల్లెలు ఉమారాణిది. పధ్నాలుగేళ్ల కిందట అయిజలో మొగుడి దెబ్బలు తాళలేక, చంటిపిల్లను చంకనేసుకుని నాగర్‌కర్నూల్ చేరింది. అక్కడే బట్టలు కుట్టుకుని బతుకుతోంది. ఊరు ఆమెను ఏ మాటన్నదో ఆ మాటే పేరుగా పెట్టి, లోపల ఆమె తప్పేమీ లేదని రాశాడు సారు. ఊరిని ఎత్తిపొడిచానని ఆయన సంబరం. అచ్చుకు పోయేముందు ఒకసారి చూసిపొమ్మని ఆమెకు కబురుపెట్టాడు.

ఆమె వచ్చి నా షాపులోనే కూర్చుని ప్రూఫులు మొత్తం చదివింది.

“అన్నా, ఇల్లు ఇడిసే ముందు అద్దంల చూసుకున్న అని రాసినవు.”

“నువ్వే చెప్పినవు గద.”

“నొసలు ఎంత పగిలిందో చూసుకున్న. గీ పేరు కింద చదివితే సోకు చేసుకున్నట్టుంటది.”

“లోపలంతా నీ దిక్కే రాసిన చెల్లె.”

“లోపల చదివేటోళ్లు ఎందరు? నా బిడ్డ పదోతరగతి. దాని దోస్తులు అట్ట చూస్తరు, దాన్ని చూస్తరు.”

సారు అట్ట ప్రూఫు తీసి చూసుకున్నాడు. ఆమే అంది: “మనూరి మొగోళ్లు పనికోసం బొంబాయి పోతే బతకపోయిండ్రు అంటరు. నేను పోతే లేచిపోయినట్టా? ‘బతకపోయిన మనిషి’ అని పెట్టు.”

సారు సరేనన్నాడు. పేరు మార్చడం నాకు క్షణం పని. లోపల ఒక్క అక్షరం కదల్లేదు. అయినా సారు కాగితాలన్నీ మళ్లీ మొదటినుంచి తిరగేసి, చివరి పేజీ దగ్గర ఆగిపోయాడు. అందులో ఉమారాణి బిడ్డతో బస్సెక్కుతుంది. పాత పేరుకు అది ముగింపే. కొత్త పేరుకు కథ ఇంకా మొదలే కాలేదు. అక్షరాలు కొట్టుకునే నాకే తెలిసిపోయింది, రాసినాయనకు తెలియదా?

“ఇంకా రాయాలె,” అన్నాడు మెల్లగా.

“రాయి.”

“నువ్వెట్ల బతికినవో నాకేం తెల్వదు ఉమా.”

“ఒక్కపారన్న వచ్చింటే తెలుస్తుండె.”

చెల్లెలి తరఫున నవల రాసిన మనిషి చెల్లెలింటి మొహం చూడలేదన్నమాట! నాకు ఒళ్లు మండింది. గిరాకీతో పేచీ ఎందుకని ప్రింటర్‌లో కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను.

ఉమారాణి సంచి తీసుకుని లేచింది. ఆమె మెట్లు దిగుతుంటే సారు గబగబా వెనకాలే పోయాడు.

“ఉమా, నాగర్‌కర్నూల్ బస్టాండ్‌ల దిగినంక... మీ ఇంటికి ఎటు రావాలె?”