ఎదురింటి తాళంచెవి

ఇంగ్లండులోని కెల్‌బరో ఊరు చూడటానికి వచ్చేవాళ్లకి సంత చావడి దగ్గర ఒక కాగితం ఇస్తారు. అందులో చూడవలసిన చోట్లు పదకొండు. ఏడోది చర్చి. దాని కింద ఒక వాక్యం: తాళంచెవి ఎదురింట్లో అడగండి.

ఎదురింట్లో మేవిస్ థర్టెల్ ఉంటుంది. వయసు అరవై ఎనిమిది. ఆమెకి ముందు తాళంచెవి ఆమె తల్లి దగ్గర ఉండేది. 1974 మార్చిలో చర్చి నేలలో ఉన్న ఒక సమాధి రాయి నుంచి, మనుషుల బొమ్మలు చెక్కిన ఇత్తడి రేకుల్లో ఒకటి పోయింది. ఆ రాయి ఒక ఉన్ని వర్తకుడిది. రాతి మీద అతనూ, భార్యా, ఏడుగురు కూతుళ్లూ మిగిలారు. ఐదుగురు కొడుకులున్న రేకు స్థానంలో గుంట మిగిలింది. తాళం విరగలేదు. ఎవరూ ఆ తల్లిని, మిసెస్ థర్టెల్‌ని, ఎదురుగా ఏమీ అనలేదు. ఆమె ఆ ఏడాది నుంచి ప్రార్థనకి వెళ్లడం మానేసింది. చర్చి తలుపుకీ ఆమె గుమ్మానికీ మధ్య పద్దెనిమిది అడుగులు.

ఈ చలికాలం చర్చి పైకప్పు మీది సీసం రేకులు పోయాయి. దొంగలు బయటినుంచి నిచ్చెన వేసుకున్నారు, తాళంతో వాళ్లకి పని లేదు. అయినా చర్చి కమిటీ గురువారం సమావేశం పెట్టింది. తాళంచెవి ఇంకా ఎదురింట్లో ఉండాలా వద్దా అన్నది అందులో తేలాలి.

ముందురోజు బుధవారం, సంత. పదకొండు గంటలకి ఒకాయన మేవిస్ తలుపు కొట్టాడు. డెబ్బై దాటి ఉంటాయి. గుడ్డసంచిని గుండెలకి ఆనించి పట్టుకున్నాడు.

"మిసెస్ థర్టెల్ ఉన్నారా?"

"ఉంది. చర్చి ఉత్తరపు గోడ పక్కన, సమాధిలో, పదకొండేళ్లుగా. నేను కూతుర్ని. చర్చి చూడాలా?"

"అయ్యో. అవును. ఇరవై నిమిషాలు చాలు."

మేవిస్ చర్చి తలుపు తీసి వచ్చింది. ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది, కాగితంలో థర్టెల్ అన్న పేరు లేదు.

పది నిమిషాలు ఆగి దుమ్ము గుడ్డ ఒకటి పట్టుకుని వెళ్లింది. ఆయన మోకాళ్ల మీద ఉన్నాడు, వీపు ఇటు. తివాచీ చుట్టి పక్కన పెట్టి ఉంది. సమాధి రాయి తివాచీ కింద ఉంటుందని కూడా కాగితంలో లేదు. రాతికి లోహం తగిలిన చప్పుడు వినిపించింది. కూతుళ్ల రేకు ఊడదీస్తున్నాడనుకుంది. వెనక్కి అడుగులు వేసి, తలుపు మూసి తాళం తిప్పింది.

చర్చి పెద్ద డెస్మండ్ గూచ్‌కి సంత పక్కనే ఇనుపసామాను కొట్టు. ఆయనా, మేవిస్ ఒకే బడిలో చదివారు. ఆయన చీజ్ అమ్మేవాడి దగ్గర ఉన్నాడు.

"దొంగని లోపల పెట్టి తాళం వేశాను. రా."

"మళ్లీనా? పోయిన నెల గడియారం బాగుచేసేవాణ్ని పట్టిచ్చావు."

"వాడు నిచ్చెన మోసుకొచ్చాడు."

"గడియారం గోపురం మీద ఉంది మేవిస్. వాడు ఎగరాలా?"

చీజ్ కట్టించుకున్నాకే కదిలాడు.

చర్చి తలుపు తీసేసరికి ఆ ముసలాయన ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సంచి బల్లపరుపుగా ఒళ్లో ఉంది. రాతి గుంటలో ఐదుగురు కొడుకులు ఉన్నారు. రేకు అంచు గుంటకి అతికినట్టు సరిపోయింది.

డెస్మండ్ రాతిని చూశాడు. ఆ మనిషిని కాదు, మేవిస్‌ని చూశాడు.

"యాభై ఏళ్లు కనబడలేదు. రేపు సమావేశం అనగా ఇవాళ వచ్చింది."

"వస్తే?"

"నేనేం అనలేదు. ఈయన నీకు తెలుసా?"

"తెలిస్తే తాళం ఎందుకు వేస్తాను?"

"అదే నేనూ అడుగుతున్నాను. ఎందుకు వేశావు, నన్ను ఎందుకు పిలిచావు?"

ఆయన లేచాడు. "ఆవిడకి సంబంధం లేదు. పెట్టేసి వెళ్లిపోదామని వచ్చాను. పేరు వద్దనుకున్నాను."

"పేరు లేకుండా పెడితే అది నేను పెట్టినట్టే," అంది మేవిస్. తలుపు లోపలినుంచి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుంది. "సందర్శకుల పుస్తకం అక్కడుంది, కలం దారానికి కట్టి ఉంది. రాయండి. అందాకా ముగ్గురం ఇక్కడే."

"మేవిస్, కొట్లో జనం ఉన్నారు."

"ఉండనీ. నీ చీజ్ పాడవదులే."

ఆయన రాశాడు. పేరు కెన్నెత్ ఆల్డస్. 1974లో ఇక్కడ చలికి వేడినీటి గొట్టాలు వేసిన పనివాళ్లలో ఒకడు. ఆ రేకు అప్పటికే వదులుగా ఉంది. చివరి రోజు పనిముట్ల సంచిలో వేసుకున్నాడు.

డెస్మండ్ చదివాడు. "ఎవరైనా రాయొచ్చు. ఋజువేది?"

"దక్షిణపు గోడ దగ్గర గొట్టాల మీద చెక్కమూత ఉంటుంది. తీసి దాని వెనక చూడండి. పని అయ్యాక పేరు రాసి వదలడం మాకు అలవాటు."

డెస్మండ్ దగ్గర స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ఉంటుంది. నాలుగు స్క్రూలు తీసి, ఫోన్ వెలుతురు పట్టాడు. చెక్క మీద పెన్సిల్ రాత ఉంది: కె. ఆల్డస్, మార్చి 74. పుస్తకాన్ని పక్కన పెట్టి రెండుసార్లు పోల్చాడు. 'కె' అక్షరం తోక రెండింటిలోనూ కిందికే ఉంది.

"మీ అమ్మగారు ఆ రోజు నాకు టీ ఇచ్చారు," అన్నాడు ఆల్డస్. "కేకు కూడా."

"ఎవరొచ్చినా ఇచ్చేది. ఆ తర్వాత మానేసింది."

మేవిస్ తాళం తీసింది.

గురువారం కమిటీలో డెస్మండ్ ఆ పేజీ చదివి వినిపించాడు. తాళంచెవి ఎదురింట్లోనే ఉండాలని తీర్మానం అయింది. అప్పుడు మేవిస్ లేచి దాన్ని బల్ల మీద పెట్టింది.

"వదిలేస్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందని ఇన్నేళ్లు పట్టుకున్నాం. ఇక అక్కర్లేదు. నీ కొట్లో పెట్టుకో డెస్మండ్."

డెస్మండ్ తీసుకున్నాడు.

"అదే తాళంచెవో కాదో చూసుకో," అంది.

ఆయన దాన్ని దీపం వైపు తిప్పి పళ్లు చూశాడు.