ఇంటామె ఇంట్లోనే ఉండాలి

న్యూ ఆర్లీన్స్‌లో ట్రెమే పేటలో లియోంటిన్‌కి ఒక పాత చెక్క ఇల్లుంది. ఒకే కప్పు కింద నడిమి గోడకి చెరోవైపు రెండు వాటాలు. ఒక వాటాలో తను ఉండేది, రెండోదాన్ని ఊరు చూడటానికి వచ్చేవాళ్ళకి రెండు మూడు రోజుల చొప్పున అద్దెకిచ్చేది. అలా ఇవ్వాలంటే నగరంలో ఒక నిబంధన ఉంది. అతిథులున్నన్నాళ్ళూ ఇంటివాళ్ళు ఆ ఇంట్లోనే ఉండాలి, రాత్రి అక్కడే పడుకోవాలి. పేటలో సగం మంది దాన్ని గాలికొదిలేశారు. లియోంటిన్ మాత్రం అతిథులున్న ఆదివారం చర్చికి కూడా వెళ్ళకుండా రేడియోలో ప్రార్థన వినేది. పట్టుదలకి కూడా ఒక హద్దుండాలి, ఆమెకి లేదు.

మార్చిలో ఒక మంగళవారం పొద్దున్న, ఊరిని ఆనుకున్న పెద్ద సరస్సుకి అవతల స్లైడెల్‌లో ఉండే మేనకోడలు వెర్లీన్‌కి ఆమె ఫోన్ చేసింది. అనుమతి పత్రంలో తన పేరు కింద, తనకి బదులు ఇంట్లో ఉండగలిగే మనిషిగా రాయించుకున్నది ఆ పిల్లనే.

"ఒంట్లో బాగాలేదే తల్లీ. గుండెల మీద ఏదో బరువుగా ఉంది. ఆసుపత్రికి వెళ్దామంటే అతిథులున్నారు, ఎలా కదలను? నువ్వొచ్చి ఇంట్లో ఉంటే నేను వెళ్ళొస్తా."

"అత్తా, నీ నిబంధన తగలెయ్య, ముందు ఆసుపత్రికి వెళ్ళు. నాకివాళ పనుంది. రేపొస్తాలే."

పని అంటే కొంపలు మునిగే పనేం కాదు. జడలు అల్లించుకోవడానికి ముందే సమయం తీసుకుని ఉంది, అంతే. బుధవారం ఆమె వచ్చేసరికి లియోంటిన్ వంటింటి గడప మీద పడి ఉంది. ఒక కాలికే చెప్పుంది, రెండోది మంచం కిందే ఉండిపోయింది.

ఆ ఊరి ఆచారం ప్రకారం శవాన్ని బాజాలతో ఘనంగా సాగనంపారు. పక్కింటి ముసలాయన అల్సీడ్ తన ట్రాంబోన్ బాకా ఊదలేక మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఆ తర్వాత వెర్లీన్ అతిథులకి ఇల్లివ్వడం మానలేదు, అలాగని అక్కడ ఉండనూ లేదు. ఆ గడప దాటి పడుకోవడం ఆమెకి చేతకాలేదు. తలుపుకి అంకెల తాళం బిగించి, అవతలి ఒడ్డు నుంచే ఇల్లు నడిపింది.

ఏప్రిల్ నుంచి అతిథులు రాసి వెళ్ళే మాటల్లో తేడా వచ్చింది. "మిస్ లియోంటిన్ ఇచ్చిన చికోరీ కాఫీ మరిచిపోలేం" అని ఒకరు. "సోమవారం ఎర్ర చిక్కుడు గింజలూ అన్నమూ గిన్నెడు ఇచ్చింది పాపం" అని ఇంకొకరు. వెర్లీన్ ఒళ్ళు మండి అల్సీడ్‌ని నిలదీసింది.

"బాబాయ్, ఈ కాఫీల వేళాకోళం నీదేనా?"

"నా మొహానికి కాఫీ పెట్టడం కూడానా? మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి నేనే మీ అత్త చేతి కాఫీ తాగేవాణ్ణి." ఆయన నవ్వలేదు. "పొద్దున్నే ఇప్పటికీ ఆ వాసన వస్తుందమ్మాయ్. నీతో అందామంటే నువ్వు ఎప్పుడూ కారు దిగకుండానే వెళ్ళిపోతావు."

జూన్‌లో ఒక బుధవారం మధ్యాహ్నం నగరం నుంచి తనిఖీ అధికారిణి వచ్చింది. ఈ ఇంట్లో యజమానులెవరూ ఉండటం లేదని ఎవరో ఫిర్యాదు చేశారట. ముందే ఫోన్ రావడంతో వెర్లీన్ సరస్సు దాటి పరుగున వచ్చి వరండాలో నిలబడింది. ఈలోగా అద్దె వాటాలోంచి ఒహాయో నుంచి వచ్చిన కాన్‌స్టన్స్ అనే అతిథి బయటికొచ్చింది.

"ఇంటామె ఉంటోందా అమ్మా?" అధికారిణి అడిగింది.

"ఉండకపోవడమేంటండీ? పొద్దున కాఫీ ఇచ్చింది. నీలం గౌను వేసుకునుంది. ఒక కాలికే చెప్పు, ఎందుకో మరి."

అధికారిణి తల ఊపి, కాగితం మీద టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయింది. గండం గడిచింది. కానీ వెర్లీన్ చేతులు వరండా స్తంభాన్ని వదల్లేదు.

"ఆమె ఇంకేమైనా చెప్పిందా?"

"గుండెల మీద బరువుగా ఉందంది. ఆసుపత్రికి తీసుకెళ్తానంటే ఒప్పుకోలేదండీ. అతిథులుండగా ఇల్లు వదిలి ఎలా వెళ్తానంది. మేనకోడలు రేపొస్తుందట, వచ్చాక వెళ్తుందట." కాన్‌స్టన్స్ గొంతు తగ్గించింది. "ఆ పిల్ల ఎవరో గానీ, రేపటిదాకా ఆగడమేంటండీ?"

వెర్లీన్‌కి సిగ్గేసింది. మూడు నెలలుగా ఆ ముసలిది నొప్పి పట్టుకుని, ఒంటి చెప్పుతో, వచ్చినవాళ్ళందరికీ కాఫీలు పోస్తూ తన కోసం చూస్తోంది. తనేమో ఒక జట్టు అతిథులు వెళ్ళీ వెళ్ళకముందే ఇంకో జట్టుని పంపుతోంది.

ఆమె ఇంటికెళ్ళి సంచీ సర్దుకుని పొద్దు వాలకముందే తిరిగొచ్చింది. అత్త వాటా తలుపు తీసి, వంటింటి గడప దగ్గర సంచీ దింపింది.

"వచ్చాను అత్తా," అంది ఖాళీ గదితో. "రేపు కాదు, ఇవాళే వచ్చాను. ఇంట్లోనే ఉంటాను. నువ్వు వెళ్ళు."

రాత్రంతా ఏమీ చప్పుడు కాలేదు, అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

పొద్దున్న లేచి వరండాలోకి వస్తే కాన్‌స్టన్స్ మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో కాఫీ లేదు.

"ఇప్పుడే వెళ్ళిందండీ మీ పెద్దావిడ. చర్చి టోపీ పెట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని ఇక్కడే కూర్చుంది. ఎక్కడికని అడిగాను. 'ఆసుపత్రికి. మా పిల్ల వచ్చింది, ఇల్లు చూసుకుంటుంది' అంది. ఎంత సంబరపడిందో."

"కాళ్ళకేం వేసుకుంది?" వెర్లీన్ అడిగింది.

"నల్ల బూట్లు. రెండు కాళ్ళకీ ఉన్నాయి ఇవాళ."

వెర్లీన్ గోడకి ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత, ఇంట్లో అతిథులున్నారు కాబట్టి, లోపలికెళ్ళి కాఫీకి నీళ్ళు పెట్టింది.